కళ్ళకు కట్టే అంకెలు

ఆస్పత్రిలో రోగి మంచానికి కాళ్ళవైపున ఒక అట్ట వేలాడుతూ వుండడం మీరు చూసేవుంటారు. నర్సమ్మ పూటపూటకూ వచ్చి థర్మామీటరు పెట్టి చూసి, ఆ అట్టమీది గళ్ళకాగితంలో ఒక చుక్క పెట్టి, దాన్ని పాత చుక్కతో గీతగా కలిపి వెళ్ళిపోతుంది. డాక్టరుగారు వచ్చినప్పుడు రోగి ముఖం కంటే ముందు ఆ గీత ముఖం చూస్తారు. గీత మెట్లు మెట్లుగా పైకి పోతున్నదా? టైఫాయిడు కావచ్చునని అనుమానిస్తారు. రోజు విడిచి రోజు కొండకొమ్ములా లేచి పడుతున్నదా? మలేరియా కావచ్చును. నాలుగు రోజులుగా నేలబారుగా నడుస్తున్నదా? "రేపు ఇంటికి పంపిస్తాం" అంటారు. ఈమధ్య కొన్ని ఆస్పత్రుల్లో అట్ట పోయి తెర వచ్చింది గాని, గీత మాత్రం పోలేదు.

అదే సంగతి నర్సమ్మ నోటితో చెప్పిందనుకోండి: "సోమవారం ఉదయం 101, మధ్యాహ్నం 102.4, రాత్రి 103, మంగళవారం ఉదయం 101.2..." వారం రోజుల లెక్క చదివేసరికి మొదట ఏం చెప్పిందో మనం మరిచిపోతాం. అంకెలు ఒక్కటీ మారలేదు. కాని వరసగా వింటే అవి అంకెలు; గీతగా చూస్తే అది రోగం కథ.

ఈ విద్య ఈనాడు ఆస్పత్రి గోడలు దాటి మన ఇంట్లోకి వచ్చింది. పొద్దున్నే పేపరు తెరిస్తే ధరల గ్రాఫు. ఎన్నికలు వస్తే టీవీలో రంగురంగుల చక్రాలు. పిల్లవాడి ప్రోగ్రెసు కార్డులో కమ్మీలు, కరెంటు బిల్లు వెనక కమ్మీలు, చేతిలో ఫోను తీస్తే మనం నిన్న నడిచిన అడుగులకు కూడా కమ్మీలే! కంప్యూటరు ముందు కూర్చుని మీట నొక్కితే అవే అంకెలకు పదిరకాల బొమ్మలు క్షణంలో వస్తున్నాయి. గియ్యడం తేలికైంది. ఏ అంకెలకు ఏ బొమ్మ గియ్యాలో తెలుసుకోవడం మాత్రం తేలిక కాలేదు. చూసేవారు మోసపోకుండా చదవడం అంతకన్నా తేలిక కాలేదు.

మొదట గీసినవాడు

వ్యాపారం లెక్కలను గీతలుగా, కమ్మీలుగా గీసి లోకానికి చూపినవాడు విలియం ప్లేఫేర్ అనే స్కాట్లండు దేశస్థుడు. 1759లో పుట్టాడు. చిన్నతనంలోనే తండ్రి పోతే, తరవాత గొప్ప గణితవేత్తగా పేరుపొందిన అన్న జాన్ దగ్గర పెరిగాడు. ఆ అన్న తమ్ముడిచేత రోజూ థర్మామీటరు చూసి వేడిమి గుర్తుపెట్టించేవాడట. అంకెలతో చెప్పగలిగినదాన్ని గీతలతోనూ చెప్పవచ్చునన్న పాఠం తనకు అన్న దగ్గరే అబ్బిందని ప్లేఫేర్ తరవాత రాసుకున్నాడు. కొన్నాళ్ళు ఆవిరియంత్రం జేమ్స్ వాట్ దగ్గర నకళ్ళు గీసే పనిచేశాడు. 1786లో ఇంగ్లండు ఎగుమతి దిగుమతుల మీద ఒక పుస్తకం అచ్చువేశాడు. అందులో ఏళ్ళు అడ్డంగా, డబ్బు నిలువుగా వుంటాయి. ఎగుమతుల గీత ఒకటి, దిగుమతుల గీత ఒకటి. రెంటి మధ్యా వున్న సందుకు రంగు వేశాడు. ఆ రంగు సందు చూస్తే దేశానికి లాభమో నష్టమో పామరుడికి కూడా తెలుస్తుంది.

ఒక్కచోట మాత్రం అతనికి చిక్కు వచ్చిపడింది. స్కాట్లండుకు 17 చోట్లతో జరిగిన వ్యాపారం లెక్క ఒకే ఒక్క ఏడాదిది దొరికింది. ఒక్క ఏడాదితో గీత ఎలా సాగుతుంది? అందుకని ప్రతి చోటికీ రెండేసి కమ్మీలు, ఒకటి తెచ్చుకున్న సరుకుకూ ఒకటి పంపిన సరుకుకూ, గీశాడు. కాలం లేని లెక్క కాబట్టి ఇది తక్కువరకం బొమ్మ అని అతని మనసులో వుండేది. ఈనాడు ప్రపంచంలో ఎక్కడ చూసినా కనిపించే కమ్మీల బొమ్మ పుట్టింది అలా, లెక్క చాలక! 1801లో వచ్చిన మరో పుస్తకంలో చక్రాన్ని ముక్కలు కోసి, టర్కీ సామ్రాజ్యంలో ఆసియా వంతెంత, ఐరోపా వంతెంత, ఆఫ్రికా వంతెంత అని చూపించాడు. అట్లకాడతో అట్టు కోసినట్టుండే ఆ బొమ్మ కూడా అతనిదే.

ఇన్ని కనిపెట్టిన ప్లేఫేర్ జీవితంలో నిలదొక్కుకోలేదు. పెట్టిన వ్యాపారాలన్నీ దెబ్బతిని, బీదతనంలోనే 1823లో పోయాడు.

దీపం పట్టిన చెయ్యి, బొమ్మ గీసిన చెయ్యి

ఫ్లారెన్సు నైటింగేలు పేరు చెప్పగానే చేతిలో దీపంతో రోగుల మధ్య తిరిగే నర్సు మన కళ్ళముందు మెదులుతుంది. బడి పుస్తకాల్లో అంతవరకే చెబుతారు. ఆమె లెక్కలమనిషి కూడా అని చెప్పరు.

1854 నవంబరులో ఆమె క్రిమియా యుద్ధంలో గాయపడిన బ్రిటిషు సైనికులకు ఉపచారం చెయ్యడానికి టర్కీలోని స్కుటారి ఆస్పత్రికి వెళ్ళింది. అక్కడ సైనికులు పిట్టల్లా రాలిపోతున్నారు. యుద్ధమన్నాక చావులు తప్పవు గదా అని లండనులో పెద్దలు సమాధానపడ్డారు. తిరిగివచ్చాక ఆమె నెలనెలా చావుల లెక్క ముందు వేసుకు కూర్చుంది. 1855 జనవరి నెల ఒక్కటి చూడండి. గాయాలవల్ల పోయినవారు 83 మంది. ఇతర కారణాలవల్ల పోయినవారు 324 మంది. శుభ్రత వుంటే నివారించదగిన అంటురోగాలవల్ల పోయినవారు 2,761 మంది! సైనికులను చంపుతున్నది శత్రువు తుపాకీ కాదు. మురుగు, చెడుగాలి, ఇరుకు.

ఈ మాట మంత్రులకు పట్టికలతో చెబితే పుట తిప్పేస్తారని ఆమెకు తెలుసు. అందుకని 1858లో ఒక బొమ్మ గీయించింది. గడియారంలో గంటల్లాగా చుట్టూ పన్నెండు నెలలకు పన్నెండు రేకులు. నివారించదగిన రోగాల చావులకు నీలం, గాయాలకు ఎరుపు, తక్కినవాటికి నలుపు. నీలిరేకులు పువ్వు విచ్చుకున్నట్టు బయటికి తన్నుకువస్తాయి. ఎర్రని ముక్క ఎక్కడో నడిమధ్య అణగిపోయి వుంటుంది. పక్కనే రెండో ఏడాది బొమ్మ. 1855 మార్చిలో పారిశుధ్యం బాగుచెయ్యడానికి ప్రత్యేకంగా అధికారులు వచ్చి మురుగు కాలవలు కడిగించిన తరవాతి కథ అందులో వుంది. నీలిరంగు ముడుచుకుపోయింది. 1856 జనవరిలో ఆ రోగాల చావులు 42. చెప్పవలసిందంతా ఆ రెండు పువ్వులే చెప్పాయి.

ఇందులో మనం నేర్చుకోవలసిన సంగతి ఇంకొకటి వుంది. మొదట ఆమె గీయించిన బొమ్మలో చావుల సంఖ్య నడిమధ్య నుంచి అంచుకు వుండే పొడుగుతో చూపారు. కాని చూసే కన్ను పొడుగును చూడదు, రంగు పరచుకున్న మేర చూస్తుంది. పొడుగు రెట్టింపయితే మేర నాలుగు రెట్లవుతుంది! పెద్దనెలలు వున్నదానికన్న చాలా పెద్దవిగా కనిపించాయి. తన వాదానికి అది లాభమే అయినా ఆమె వూరుకోలేదు. పొరపాటును ఒప్పుకుని, రేకు విస్తీర్ణమే సంఖ్యకు సరిపోయేటట్టు బొమ్మను మార్పించింది. మంచిపని కోసమైనా సరే బొమ్మచేత అబద్ధం చెప్పించకూడదన్నమాట.

లండనులోని గణాంకశాస్త్ర సంఘంలో సభ్యత్వం పొందిన మొదటి స్త్రీ ఆమే. ఆ తరవాత దశాబ్దాల తరబడి మన దేశపు పారిశుధ్యం, కరువులు, నీటిపారుదల ఆమెకు వ్యాపకమయినాయి. ధవళేశ్వరం ఆనకట్ట కట్టిన కాటన్ దొరతో ఆమెకు వుత్తర ప్రత్యుత్తరాలు నడిచేవి. గోదావరి నీళ్ళు తాగే మనకు ఆమె బొత్తిగా పరాయి మనిషి కాదు.

ఏ లెక్కకు ఏ బొమ్మ?

పెళ్ళికి ఒక చీర, వంటింటికి ఒక చీర వున్నట్టే అంకెలకూ బొమ్మల ఎంపిక వుంది. బొమ్మ మొదలుపెట్టే ముందు "చూసేవారికి నేను జవాబు చెప్పదలచిన ప్రశ్న ఏమిటి?" అని ఒక్కసారి ఆలోచించుకుంటే సగం పని అయినట్టే.

కాలంతోపాటు ఏదైనా ఎలా మారిందో చెప్పాలంటే గీత. బిడ్డ బరువు, బియ్యం ధర, జ్వరం ఇలాంటివి.

వేరువేరు వస్తువుల్లో ఏది ఎక్కువ, ఏది తక్కువ అని పోల్చాలంటే కమ్మీలు. పేర్లు పొడుగ్గా వుంటే కమ్మీలను అడ్డంగా పడుకోబెట్టండి. చదివేవారు మెడ వంచుకోనక్కరలేదు. పెద్దదానినుంచి చిన్నదానికి వరసగా పేర్చండి.

మొత్తంలో ఎవరి వంతు ఎంత అని చెప్పాలంటే చక్రం. అయితే ముక్కలు రెండో మూడో అయినప్పుడే. నెలజీతంలో అద్దెకెంత, తిండికెంత, బడికెంత అని పదకొండు ముక్కలు కోశారంటే ఏ ముక్క పెద్దదో దేవుడికే తెలియాలి. అప్పుడు కమ్మీలే మేలు.

రెండు సంగతులకు ఒకదానితో ఒకటికి సంబంధం వుందా అని చూడాలంటే చుక్కలు. పిల్లలు నిద్రపోయిన గంటలు అడ్డంగా, వచ్చిన మార్కులు నిలువుగా పెట్టి ఒక్కొక్క పిల్లవాడికి ఒక్కొక్క చుక్క పెడితే సరి.

ఇవి పెద్దలు అలవాటుగా చెప్పే మాటలు మాత్రమే కావు. 1984లో క్లీవ్‌లండ్, మెక్‌గిల్ అనే ఇద్దరు అమెరికా శాస్త్రజ్ఞులు మనుషులకు బొమ్మలు చూపించి అంచనాలు అడిగి పరీక్షలు చేశారు. ఒకే నేలమీద నిలబడ్డ వస్తువుల ఎత్తును కన్ను చాలావరకు సరిగ్గా పోలుస్తుంది. కోణాలను పోల్చడంలో తడబడుతుంది. విస్తీర్ణాలను, ఘనపరిమాణాలను పోల్చడంలో ఇంకా తడబడుతుంది. పక్కపక్కన పెట్టిన రెండు గాజుగ్లాసుల్లో పాలు ఎందులో ఎక్కువో చంటిపిల్లవాడు కూడా చెబుతాడు. కాని వెడల్పు రెట్టింపు వున్న లడ్డు చిన్న లడ్డుకు ఎన్ని రెట్లో చెప్పమనండి. "రెండు, పోనీ మూడు" అంటాం. నిజానికి అది ఎనిమిది రెట్లు! అందుకే పంట రెట్టింపయిందని చెప్పడానికి రెట్టింపు పొడుగూ రెట్టింపు వెడల్పూ వున్న ధాన్యపు బస్తాను గీస్తే, తెలిసి గీసినా తెలియక గీసినా అది మోసమే.

కాళ్ళు నరికిన కమ్మీలు

ఒక ఊళ్ళో రెండు బడులున్నాయనుకోండి. ఒకదానిలో నూటికి 92 మంది ప్యాసయ్యారు, ఇంకోదానిలో 95 మంది. ప్రకటనలో కమ్మీలను సున్నానుంచి కాక 90 నుంచి మొదలుపెట్టి గీస్తారు. మొదటి కమ్మీ రెండు గళ్ళెత్తు, రెండోది అయిదు గళ్ళెత్తు. చూసినవారికి రెండోబడి మొదటిదానికి రెండున్నర రెట్లు గొప్పదిగా కనిపిస్తుంది. కింద చిన్న అక్షరాలతో "90" అని వేసే వుంటారు. దాన్ని చూసేదెవరు? కమ్మీ అంటే పొడుగుతో మాట్లాడే బొమ్మ. దాని కాళ్ళు నరికితే మాట తప్పుతుంది. కాబట్టి కమ్మీలు సున్నానుంచే లేవాలి.

మరి గీత సంగతేమిటి? జ్వరం పట్టికను సున్నానుంచి మొదలుపెడితే 98 కీ 104 కీ తేడా చీమ ఎత్తుంటుంది. రోగి ప్రాణం మీదికి వచ్చినా గీత నిమ్మకు నీరెత్తినట్టే వుంటుంది. గీత పొడుగుతో మాట్లాడదు, ఎత్తుపల్లాలతో మాట్లాడుతుంది. అందుకని దానికి సున్నా తప్పనిసరి కాదు. అయితే ఎక్కడ మొదలయిందో స్పష్టంగా చెప్పాలి. నిలువున సాగదీస్తే ఏ మెరకైనా కొండలా కనిపిస్తుంది. అడ్డంగా సాగదీస్తే ఏ కొండైనా మెరకవుతుంది. ధరల గ్రాఫు చూసి గుండెలు బాదుకునే ముందు పక్కనున్న అంకెలు చదవండి.

మనమే ఒకటి గీద్దాం

మన దేశంలో అక్షరాస్యుల లెక్క తీసుకుందాం. నూటికి ఎంతమంది చదవనూ రాయనూ నేర్చారో పదేళ్ళకొకసారి జనాభా లెక్కలు చెబుతూ వచ్చాయి. 1951లో 18.33. 2011లో తొలుత వెలువడిన లెక్క 74.04. మధ్య ఏళ్ళు కలుపుకుంటూ ఒకే గీత గీస్తే నిండుగా పైకి పోతుంది. చూసి సంతోషిస్తాం.

ఇప్పుడు ఆ ఒక్క గీతను చెరిపేసి, మగవారికొకటి ఆడవారికొకటి రెండు గీతలు గీద్దాం. 1951లో మగవారు 27.16, ఆడవారు 8.86. అంటే ఎడం 18. 1961కే ఆ ఎడం 25 అయింది. 1981లో మగవారు 56.38, ఆడవారు 29.76; ఎడం 26 దాటింది. 2011లో మగవారు 82.14, ఆడవారు 65.46, ఎడం 17 లోపు. కళ్ళెదుట ఏం కనిపించింది? రెండు గీతలూ పైకే పోతున్నాయి గాని మొదటి ముప్ఫై ఏళ్ళలో వాటి మధ్య నోరు మొత్తంమీద ఇంకా పెద్దదైంది. బడిగంట మోగితే అబ్బాయి ముందు పరుగెత్తాడు, అమ్మాయి ఇంట్లో చెల్లెలి నెత్తుకుని నిలబడిపోయింది. ఆ తరవాత నోరు మూసుకుంటూ వచ్చింది. ఒక్క గీతలో ఈ కథ ఎక్కడా లేదు. అబద్ధమేమీ చెప్పకుండానే ఆ గీత అసలు సంగతి దాచింది.

ఇక గియ్యడంలో మర్యాదలు. గీతల చివర్లలోనే "మగవారు", "ఆడవారు" అని రాయండి. ఏ రంగు ఎవరిదో మూలనున్న పెట్టెలో వెతికించకండి. ఎరుపు, ఆకుపచ్చ పక్కపక్కన వాడకండి. ఆ రెండింటికీ తేడా తెలియని కళ్ళు మగవారిలో చాలామందికుంటాయి. ఒకటి నిండుగీత, ఒకటి తుంపుల గీత గీస్తే రంగే అక్కరలేదు. గళ్ళు సన్నగా, గీత దట్టంగా వుండాలి. పైన పేరు పెట్టేటప్పుడు "అక్షరాస్యత గ్రాఫు" అని కాక "ఆడవారి చదువు వెనకబడి, తరవాత అందుకుంటున్నది" అని రాస్తే చూసేవారికి దారి చూపినట్టు.

కింద ఒక గమనిక మరవకండి. 1971 దాకా లెక్కలు అయిదేళ్ళూ ఆ పైబడిన వారివి. 1981 నుంచి ఏడేళ్ళూ ఆ పైబడిన వారివి. గజం బద్ద మారినప్పుడు ఆ మాట చెప్పడం ధర్మం. ఇంకొకటి. 2021లో జరగవలసిన లెక్కలు వాయిదా పడ్డాయి. ఆ తరవాతి చుక్కకూ 2011 చుక్కకూ మధ్య ఎడం పదేళ్ళది కాదు గనక, కాగితం మీద కూడా అంత దూరమూ జరిపే పెట్టాలి. దగ్గరగా పెడితే గీత లేనిపోని పరుగు చూపిస్తుంది.

గియ్యని చుక్కలు

తప్పు గీత గీస్తే నష్టం మాట అటుంచండి. గియ్యవలసిన చుక్కలు గియ్యకపోతే ఎంత నష్టమో చెప్పే కథ ఒకటి వుంది.

1986 జనవరి 27వ తేదీ రాత్రి. మర్నాడు అమెరికాలో ఛాలెంజరు అనే అంతరిక్షనౌక బయలుదేరాలి. అందులో ఏడుగురు. వారిలో ఒకామె బడిపంతులమ్మ. ఆ రాత్రి గడ్డకట్టించే చలి పడుతుందని వాతావరణ శాఖ చెప్పింది. రాకెట్ల అతుకుల్లో వేడి వాయువు బయటికి రాకుండా రబ్బరు వలయాలుంటాయి. చలికి రబ్బరు బిగుసుకుపోతుంది. ఆ రాకెట్లను తయారుచేసిన ఇంజనీర్లకు భయం పట్టుకుంది. అంతకు ముందు ఎన్నడూ 53 ఫారన్‌హీటు డిగ్రీలకంటే చలిలో నౌక లేవలేదు. ప్రయాణం ఆపమన్నారు. ఫోనుల మీద గంటల తరబడి వాదం జరిగింది. వలయాలు దెబ్బతిన్న పాత ప్రయాణాల లెక్కలు తీశారు. 53 డిగ్రీలప్పుడు దెబ్బతిన్నాయి, నిజమే. కాని 75 డిగ్రీలప్పుడు కూడా దెబ్బతిన్నాయే! చలికీ దీనికీ సంబంధం రుజువు కాలేదన్నారు. చివరికి పైవారు సరేనన్నారు. మర్నాడు నౌక లేచిన 73 సెకన్లకు ఆకాశంలో ముక్కలైపోయింది. ఏడుగురూ పోయారు.

తరవాత విచారణ సంఘం ఒక చిన్న పని చేసింది. దెబ్బతిన్న ప్రయాణాలతోపాటు దెబ్బతినని ప్రయాణాలకు కూడా చుక్కలు పెట్టింది. 66 డిగ్రీలూ ఆ పైన జరిగిన 20 ప్రయాణాల్లో మూడింటిలో మాత్రమే వలయాలు దెబ్బతిన్నాయి. 63 డిగ్రీలూ ఆ లోపున జరిగిన నాలుగు ప్రయాణాల్లో నాలుగూ దెబ్బతిన్నాయి! ఇంకేం కావాలి? క్షేమంగా జరిగిన ప్రయాణాలే చలి సంగతి చెప్పే సాక్షులు. ఆ సాక్షులను ఆ రాత్రి ఎవరూ పిలవలేదు. పిలిచివుంటే ప్రయాణం తప్పకుండా ఆగేదని ఖాయంగా అనలేం. తొందరలో వున్న పెద్దలు బొమ్మ చూసినా కాదనగలరు. కాని కాదనడం అంత సులభమయ్యేది కాదు.

కాబట్టి బొమ్మ చూసినప్పుడు అందులో వున్నదాన్నే కాదు, లేనిదాన్ని కూడా అడగండి. "ఈ మందు వాడి బాగైనవారు ఇంతమంది" అంటే, "వాడినా బాగుకానివారు ఎందరు?" అని. "మా బడినుంచి ర్యాంకులు వచ్చినవారు వీరు" అంటే, "బడిలో చేరినవారు మొత్తం ఎందరు?" అని.

అమ్మ చదివే గీత

ఇంత దూరం వచ్చాక మళ్ళీ మన వీధికే వద్దాం. అంగన్‌వాడీలో చంటిపిల్లను తూచి, ఒక కార్డు మీద చుక్క పెడతారు. అడ్డంగా నెలలు, నిలువుగా కిలోలు. ఆరోగ్యంగా ఎదిగే బిడ్డ ఏ బాటన పోవాలో ముందే గీసి వుంటుంది. ఇలాంటి కార్డును డేవిడ్ మోర్లే అనే పిల్లల డాక్టరు ఆఫ్రికాలో నైజీరియా పల్లెల్లో పనిచేస్తూ తల్లుల చేతికే ఇచ్చే అలవాటు చేశాడు. తరవాత అది దేశదేశాలకూ వ్యాపించింది.

ఈ కార్డు గొప్పతనమేమంటే, చుక్క ఎక్కడుందన్నదానికన్న గీత ఎటు పోతున్నదన్నది ముఖ్యం. సన్నగా వున్న పిల్ల గీత తన బాటన పైకి పోతూంటే కంగారుపడనక్కరలేదు. బొద్దుగా వున్న పిల్ల గీత రెండు నెలలుగా నేలబారుగా పోతూంటే మాత్రం చూసుకోవాలి. బుగ్గలు ఇంకా నిండుగానే వుంటాయి, పొరుగింటమ్మ ఇంకా దిష్టి తియ్యమంటూనే వుంటుంది. గీత మాత్రం ముందే చెప్పేస్తుంది.

అక్షరం రాని తల్లి కూడా ఆ కార్డు పట్టుకుని, గీత వంగిపోతే "ఇదేమిటమ్మా, ఇలా వాలిపోయిందేం?" అని అడగగలదు. ఆ ప్రశ్న సమయానికి పుట్టిందా, ఆ బొమ్మ గీసిన శ్రమ ఫలించినట్టే.